దోర్నకల్ అజరయ్య బిషప్పు గారు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయము, 1 నుండి 10 వచనములు



శృంగారమను దేవాలయ ద్వారమునొద్ద కూర్చుండిన కుంటివాని సంగతి మీరందరు ఎరిగినదే. పుట్టినది మొదలు వానికి నడక లేదు. దినదినము ఎవరో వానిని మోసికొని వచ్చి అక్కడ దింపుచుండిరి. ప్రార్థనకు పోవువారు చిల్లర వేయుచుండిరి. ఆ చిల్లర వలన వానికి అన్నము దొరికెను గాని వాని చోటు మారలేదు. వాని వయస్సు నలువది యేండ్లు దాటినదని తరువాతి అధ్యాయములో చదువుచున్నాము. అన్ని యేండ్లును గుమ్మము బయటనే! పేతురు చేతిలో వెండి లేదు, బంగారము లేదు. ఆయన క్రీస్తు నామమున వాని కుడిచేయి పట్టి లేపెను. అటుపిమ్మట వాడు తన కాళ్లమీదనే నిలిచి, తన కాళ్లతోనే గంతులు వేయుచు లోపలికి పోయెను. పేతురు వానిని మోసికొని లోపలికి తీసికొనిపోలేదు. ఈ చిన్న సంగతిని మేము చాలా కాలము గమనింపలేదు.

ఎందుకు గమనింపలేదో ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట గాలివానకు మా గుడి రేకులు ఎగిరిపోయినవి. మేము వెంటనే కలము తీసికొని ఒక కార్యాలయమునకు సహాయము కోరుచు ఉత్తరము వ్రాసితిమి. జవాబు రాలేదు. మరల వ్రాసితిమి. రెండు వర్షకాలములు చెట్టు క్రిందనే ఆరాధన జరిగెను. ఒక ఆదివారము సంఘపు స్త్రీలు మాతో చెప్పకయే పిడికెడు బియ్యపు కుండలను తెచ్చి బల్ల ముందు దింపిరి. ఆ బియ్యము అమ్మగా సగము రేకులకు సరిపోయెను. మిగిలిన సగమునకు కూలిపనివారు ఒక్కొక్క దినపు కూలి ఇచ్చిరి. పాస్టరుగా మేము సంతోషించితిమి గాని సిగ్గును పడితిమి. వారి చేతులలో ఏమి యున్నదో వారిని ఒకసారియైనను అడుగక, ఎక్కడో దూరమున నున్నవారిని మేము అడిగితిమి గదా! ఆ దినములలోనే దోర్నకల్ అజరయ్య బిషప్పు గారి జీవితమును మరల చదువ నారంభించితిమి. సెమినరీలో పరీక్ష కొరకు చదివినప్పుడు ఆయన పేరు, తేదీలు మాత్రమే జ్ఞాపకముంచుకొంటిమి. ఈ సారి మనిషి కనబడెను.

కాజీపేట నుండి విజయవాడకు రైలులో పోవువారికి దోర్నకల్ జంక్షను తెలియును. 2016 వరకు అది మన వరంగల్లు జిల్లాలోనిదే. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలోనున్నది. నిజాము కాలమున వరంగల్లు జిల్లా అనగా ఖమ్మముతో కూడిన పెద్ద సీమ. ఆ సీమలోని మాలవాడలకు, మాదిగవాడలకు తన జీవితములో ముప్పదియైదు సంవత్సరములు ఇచ్చిన ఈ దైవజనుడు మన సీమవాడు కాడు. తెలుగువాడును కాడు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళదేశమున తిరునల్వేలి జిల్లాలో వెళ్లాలన్‌విళై అను పల్లెటూరిలో జన్మించిరి. తండ్రి తామస్ వేదనాయకం గారు ఆ ఊరి పాస్టరు. తల్లి ఎల్లెన్ అమ్మగారు కుమారుని కొరకు పదమూడేండ్లు ప్రార్థించి, హన్నా వలె వానికి సమూయేలు పేరు పెట్టిరి. వారు నాడార్లు. పూర్వము షాణార్లనబడిన ఆ జనులు తాటిచెట్లెక్కి నీరు దింపి బెల్లము వండి బ్రదికెడివారు. వారికి దేవాలయ ప్రవేశము లేదు. ప్రక్కనే యున్న తిరువాన్కూరు రాజ్యములో ఆ కులపు స్త్రీలు పైట వేసికొనుటకు కూడ 1859 వరకు పెద్దకులములతో, ప్రభుత్వముతో పెనుగులాడవలసి వచ్చెను. సువార్త వచ్చిన పిమ్మట ఆ జనులు బడులు పెట్టుకొని, గుడులు కట్టుకొని, తమ పాస్టర్లకు తామే జీతమిచ్చుకొను స్థితికి వచ్చిరి. అజరయ్య గారు పుట్టుట ఆ ఎదుగుదల నడుమనే. క్రింద నుండినవారు లేచి నిలువగలరా అను సందేహము ఆయనకు ఎన్నడు కలుగలేదు. తన ఇంటిలోనే దానికి జవాబు చూచియుండెను.

బాల్యములోనే తండ్రి చనిపోయిరి. తల్లి కఠినమైన క్రమశిక్షణతో పెంచెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని పట్టా చేతికి రాకమునుపే చదువు ముగిసెను. (అదే మనిషికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమిచ్చెను. పరీక్ష తప్పిన మన పిల్లలకు తలిదండ్రులు ఈ సంగతి చెప్పవచ్చును.) 1895లో వై.ఎం.సి.ఏ. సేవకుడై దక్షిణదేశమంతయు తిరిగిరి. అక్కడ అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీ గారితో ప్రాణస్నేహము కలిగెను. తెల్లవానికి, నల్లవానికి నడుమ సమానమైన స్నేహము ఉండగలదని ఆయనకు అనుభవము వలన తెలిసెను. తక్కిన చోట్ల అది ఎంత అరుదో కూడ తెలిసెను. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. ఆమె చదువుకొనిన స్త్రీ. దోర్నకల్ సేవలో సగము ఆమెదని చెప్పిన తప్పు కాదు.

1902లో అజరయ్య గారు యాఴ్పాణము, అనగా సింహళద్వీపములోని జాఫ్నా, చూడబోయిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత డబ్బుతో సువార్తికులను పంపుచుండుట చూచి ఆయన మనస్సు గుచ్చుకొనెను. తిరునల్వేలిలో అంతకంటె పెద్ద సంఘము, అంతకంటె పాత సంఘము. అయినను పరదేశమునుండి వచ్చినదానిని పుచ్చుకొనుటకే అలవాటుపడెను. తిరిగి వచ్చి 1903లో తోటివారితో కలిసి తిరునల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపించిరి. దాని నియమము మూడు మాటలలో చెప్పవచ్చును: మన మనుష్యులు, మన డబ్బు, మన పెత్తనము. 1905 క్రిస్మసు దినమున బెంగాలులోని శ్రీరాంపురమున దేశమంతటి క్రైస్తవుల కొరకు నేషనల్ మిషనెరీ సొసైటీ పుట్టినప్పుడును ఆయన ముందుండిరి.

ఆ తిరునల్వేలి సొసైటీ తన మొదటి సువార్తికుని పంపుటకు ఎన్నుకొనిన చోటు మన దోర్నకల్. 1904 నుండి అక్కడ పని జరుగుచుండెను. అయితే ఇతరులను పంపుచు తాను మద్రాసులో కూర్చుండుట అజరయ్య గారికి తృప్తి నియ్యలేదు. మంచి ఉద్యోగమును, పేరును విడిచి, 1909లో గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరిరి. ముప్పదియైదేండ్ల వయస్సులో తెలుగు అక్షరములు దిద్దిరి. తమిళమున లేని వత్తు అక్షరములతో మన భాష ఆయనను ఎంత బాధించియుండునో గదా! అయినను కొలది కాలములోనే తెలుగులో బోధించిరి. భాష రాని సేవకుడు జనులకు అతిథియే గాని ఇంటివాడు కాడని ఆయనకు తెలియును.

మరుసటి సంవత్సరము, 1910 జూనులో, స్కాట్లాండు దేశపు ఎడింబరో పట్టణమున లోకమందలి మిషనుల మహాసభ జరిగెను. వచ్చిన ప్రతినిధులు 1,200 మందికి పైగా. వారిలో ఆసియావారు ఇరువదిమంది కూడ లేరు. అజరయ్య గారు లేచి, మిషనెరీలకు, దేశీయ సేవకులకు నడుమ స్నేహము లేదని, యజమానికి, పనివానికి ఉండు సంబంధమే ఉన్నదని స్పష్టముగా చెప్పిరి. మిషనెరీల త్యాగమును, ప్రేమను మెచ్చుకొనిరి. అయినను మాకు కావలసినది దాతలు మాత్రమే కాదు, స్నేహితులని వేడుకొనిరి. సభలో కొందరికి కోపము వచ్చెను. కొందరు సిగ్గుపడిరి. ముప్పదియారేండ్లు నిండని ఒక పల్లెటూరి పాస్టరు కుమారుడు, తనకు అన్నము పెట్టిన చేతుల యెదుట ఈ మాట చెప్పుట సామాన్యము కాదు. కృతజ్ఞత వేరు, నోరు మూసికొనుట వేరు అని మన సంఘములలో ఇంకను నేర్చుకొనవలసియున్నది.

రెండేండ్లకు ఆయనను బిషప్పుగా నియమించు సంగతి వచ్చెను. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు దీనికి పట్టుబట్టిరి. ఎదురు చెప్పినవారిలో తెల్లవారు కలరు. ఒక హిందూదేశస్థుడు తెల్ల గురువులమీద అధికారియగుట వారికి సహింపలేదు. అయితే మన చర్మపు రంగువారును కలరు. తమిళ క్రైస్తవులలో కొందరు ఆయన కులము ఎత్తిచూపిరి; తెలుగు క్రైస్తవులలో కొందరు అరవవాడు మాకేల అనిరి. తెల్లవారి అహంకారమును గూర్చి చెప్పునప్పుడు మనము ఈ రెండవ సంగతిని దాటివేయుట న్యాయము కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింటు పాల్ కథీడ్రలులో ఆయన అభిషేకము జరిగెను. హిందూదేశమున ఆంగ్లికన్ సభకు మొదటి దేశీయ బిషప్పు ఆయనయే. అంతేకాదు, 1945లో చనిపోవువరకు స్వంత డయోసిస్ గల దేశీయ బిషప్పు ఆయన ఒక్కడే. ముప్పదిరెండేండ్లు ఆ తలుపు ఒక్కనికే తెరువబడియుండెను.

ఆయనకిచ్చిన డయోసిస్ ఆరంభమున మిక్కిలి చిన్నది. దేశీయ గురువులు ఆరుగురు మాత్రము. 1920 తరువాత కృష్ణా, కర్నూలు సీమలలోని మిషను సంఘములు కూడ చేరినవి. ఆయన చివరి సంవత్సరములలో సంఘస్థులు రెండు లక్షలు దాటిరి. వీరిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు.

వారి స్థితి మన తాతలు చెప్పగా వినియున్నాము. ఊరికి వెలుపల వాడ. ఊరి బావి ముట్టరాదు. చచ్చిన గొడ్డును మోయుట, మోటకు తోలు, చెప్పులు ఇచ్చుట, దొర చిట్టీ పట్టుకొని పరుగెత్తుట, అధికారి వచ్చిన మూట మోయుట. ఇవన్నియు వెట్టి, కూలి లేదు. చేతికి ఏదైన వచ్చిన కల్లుపాకకు పోవును. ఇటువంటివారిని చూచి దయగలవారు ఏమందురు? పాపము, వీరికి ఏమియు లేదు, మనమే ఇయ్యవలెనందురు. అజరయ్య గారు ఆ మాట అనలేదు. వీరికి ఏమియు లేదు అను మాట వారిని రెండవసారి బీదలను చేయునని ఆయన నమ్మకము.

బాప్తిస్మమునకు సిద్ధపడువారిని ఆయన ఎట్లు నడిపించిరో చూడుడి. ఊరికి ఒక ఉపాధ్యాయుడు భార్యతో కూడ వాడలోనే కాపురముండును. పగలు పిల్లలకు బడి. పొలము పని ముగిసి జనులు వచ్చిన పిమ్మట దీపము పెట్టి రాత్రి పెద్దలకు పాఠము. చదువు రానివారికి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణము, ఆజ్ఞలు, యేసు చరిత్ర నోటితో, పాటతో నేర్పుదురు. బిషప్పు గారు ఎద్దుబండి మీద ఊరూర తిరుగుచు, చెట్టు క్రింద కూర్చుండి, ముసలివారిని, ఆడవారిని ప్రశ్నలడిగెడివారు. జవాబు చెప్పగలిగిన అవ్వ ముఖము ఎట్లు వెలిగియుండునో ఊహించుడి! అంతవరకు ఆమెను ఎవరును ఏ ప్రశ్నయు అడిగియుండరు. పని మాత్రము చెప్పియుందురు. బాప్తిస్మము పొందినవారు తమ చేతిని తమ తలమీదనే పెట్టుకొని, సువార్త ప్రకటింపనియెడల తమకు శ్రమయని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను తమ స్వంత మాటగా పలుకుట ఆయన పెట్టిన ఆచారము. గురువు చేయి కాదు, వారి చేతినే పెట్టించిరి. క్రొత్తగా వచ్చిన కూలివాడు ఆ దినము నుండియే పుచ్చుకొనువాడు కాడు, పంచువాడు.

ఇచ్చుటను గూర్చియు ఆయన అట్లే చేసిరి. వంటకు బియ్యము పోయునప్పుడు ఒక పిడికెడు ప్రక్కన కుండలో వేయుట, మొదటి గ్రుడ్డు, మొదటి కోడిపిల్ల, పొట్లపాదుకు కాసిన మొదటి కాయ దేవునికి తెచ్చుట, కోతల పండుగనాడు ధాన్యము తెచ్చి గుడి ముంగిట వేలము వేయుట, ఇవి దోర్నకల్ సంఘములలో వేరుపారినవి. మన సంఘములలోని బియ్యపు కుండకును ఇదే వంశము. క్రైస్తవ దానమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న పుస్తకము ఇతర భాషలలోనికి కూడ పోయెను. బీదవారి నుండి పుచ్చుకొనుట క్రూరత్వమని కొందరు ఆయనను నిందించిరి. ఈ నింద పూర్తిగా తేలికైనది కాదు. కరవు సంవత్సరమున కుండలో పిడికెడు వేయుట పిల్లవాని ముద్ద తగ్గించుటయే. అయినను ఆయన యోచన ఇది: ఎప్పుడును పుచ్చుకొనువాని మాట సభలో ఎవరు వినరు. తన బియ్యముతో గుడి కట్టినవాడు, తన కానుకతో ఉపాధ్యాయునికి జీతమిచ్చువాడు లేచి లెక్క అడుగును. పంచాయతీలో కూర్చుండును. మా రేకుల గుడి కథలో మేము దీనిని కన్నులార చూచితిమి. రేకులు పడిన తరువాత మా స్త్రీలు సంఘపు లెక్కల పుస్తకము చూపుమని అడిగిరి. అంతకుముందు ఏ స్త్రీయు అడుగలేదు. మాకు ఆ దినము కొంచెము చెమట పట్టెనని కూడ వ్రాయుచున్నాము.

గురువుల విషయములో ఆయనకు ఎక్కువ ఎదురు వచ్చెను. బాగుగా ఇంగ్లీషు చదివినవారిని పట్టణములనుండి తెచ్చి పల్లెలమీద నియమించుట సులభము. ఆయన పల్లెలలో ఏండ్ల తరబడి నమ్మకముగా ఉపాధ్యాయ పని చేసినవారిని, ఎక్కువ చదువు లేకున్నను, ఏరుకొనిరి. వారిని భార్యలతో కూడ దోర్నకల్ రప్పించి తెలుగులోనే వేదాంతము నేర్పిరి. పురుషులు చదువుతో పాటు చేతిపనియు, వ్యవసాయమును చేయవలెను. భార్యలు చదువను, కుట్టను, బిడ్డల ఆరోగ్యము చూడను నేర్చుకొనవలెను; ఏలయనగా వాడలోనికి తిరిగి పోయినప్పుడు ఆడవారికి బోధించునది ఆమెయే. చదువు తక్కువవారికి పట్టమిచ్చి సేవ స్థాయిని దించుచున్నాడని మిషనెరీలలో కొందరు గొణిగిరి. దానికి ఫలితముగా మాలవాడలో, మాదిగవాడలో పుట్టినవారే మాలలకు, మాదిగలకు కాపరులైరి. అంతకుమునుపు మన దేశములో ఆ వాడలలో పుట్టినవాడు గుంపు ముందు నిలిచి దీవెన పలుకుట ఎవరు చూచిరి?

ఇక మాలలకు, మాదిగలకు నడుమ సంగతి. బయటివారు ఇద్దరిని అంటరానివారనిరి. వారు ఒకరినొకరు అంటుకొనలేదు. ఒక వాడ క్రైస్తవులైతే మరియొక వాడ రానని చెప్పును. ఒకే బల్లయొద్ద ఒకే పాత్రలోనిది త్రాగుటకు సందేహింతురు. బిషప్పు గారు దీనికి లొంగలేదు. రెండు బల్లలు లేవు, రెండు పాత్రలు లేవు. వసతి బడులలో, సమావేశములలో కలిసి కూర్చుండి భోజనము చేయవలెను. ఆయన స్వయముగా నాడారు గనుక కులము ఎంత లోతుగా కాటువేయునో ఎరుగును. అయినను ఈ రోగము ఆయన కాలములో కుదిరినదని మేము చెప్పలేము. ఆయనను అన్నింటికంటె అలసటపరచినది ఇదేనని మాకు తోచుచున్నది.

1930 ప్రాంతములో ఎవరును అనుకొనని సంగతి జరిగెను. ఊరిలోని శూద్ర కులములవారు వేలకొలది సంఘములోనికి రాసాగిరి. కారణమడుగగా, వాడలోనివారి మార్పును చూచితిమనిరి. చచ్చిన గొడ్డు మాంసము మానిరి, త్రాగుడు తగ్గించిరి, ఇల్లు వాకిలి శుభ్రపరచుకొనిరి, పిల్లలు చదువుచున్నారు, వీరి దేవుడు నిజమైనవాడనిరి. ఎవరి నీడ పడరాదని తొలగిపోయిరో వారి వెనుకనే నడచి వచ్చిరి.

ఇక్కడనే దేశములో పెద్ద వాదము లేచెను. 1932 నుండి గాంధీ గారు అస్పృశ్యతను రూపుమాపుటకు గొప్ప పని చేయుచుండిరి. మనము దానికి కృతజ్ఞులము. అయితే 1936లో జాన్ మాట్ గారితో మాటలాడుచు, హరిజనులలో అనేకులకు ఒక మతమునకు, మరియొక మతమునకు గల భేదమును తెలిసికొను జ్ఞానము లేదని ఆయన అనిరి. అజరయ్య గారు దీనిని అంగీకరింపలేదు. రాత్రి దీపము ముందు కూర్చుండి ప్రశ్నకు జవాబు చెప్పిన ఆ అవ్వను ఆయన ఎరుగును. చదువు లేనివాడు బుద్ధి లేనివాడు కాడు. తన ఆత్మను గూర్చి, తన బిడ్డల భవిష్యత్తును గూర్చి తానే తీర్మానించుకొనగలడు. ఇద్దరు గొప్పవారి నడుమ ఈ భేదము వచ్చినప్పుడు, మన తాతల పక్షమున నిలిచిన వాడెవడో మేము చెప్పనక్కరలేదు.

అయినను ఆయన బ్రిటిషువారి ఎత్తులకు లోబడినవాడని అనుకొనరాదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చుటను ఆయన గట్టిగా వ్యతిరేకించిరి. సంఘము ఓట్ల కొరకు మరియొక కులముగా మారిన సువార్తకు చోటుండదని ఆయన భయము. దీనివలన కొందరు క్రైస్తవ నాయకులకు ఆయన మీద కోపము వచ్చెను.

లోపములు లేవా? కలవు. ఆయన కఠినుడు. పెత్తనము తన చేతిలో బిగువుగా పట్టుకొనిరి. దొరల వెట్టిమీద, భూమిమీద పోరాటము లేవదీయలేదు. ఆ మంట 1946 నుండి తెలంగాణములో ఇతరులు రగిల్చిరి. ఆయన తరువాత దోర్నకల్ పీఠమెక్కినవారు తెలుగువారు కాక మరల ఒక ఇంగ్లీషువారైన ఎలియట్ గారు. ఇంతమంది కాపరులను లేవనెత్తిన చేయి తన చోటునకు వారిలో ఒకనిని ఎందుకు సిద్ధపరచలేదోయని మేము చాలాసార్లు ఆలోచించితిమి.

దోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. కట్టుటకు పాతికేండ్లు పట్టెను. గుమ్మటములు చూచిన హైదరాబాదు మసీదులు తలంపునకు వచ్చును. స్తంభములు చూచిన దక్షిణపు గుడి మండపములు. ఇంగ్లాండునుండి నమూనా తెచ్చుకొనక, మన నేలమీద మనము ఎరిగిన రూపముతో ఆయన కట్టించిరి.

సంఘముల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశము మొదలు ఆయన పాటుబడిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. ఆయన దానిని చూడలేదు. 1945 జనవరి 1న, క్రొత్త సంవత్సరపు దినమున, కొద్దిపాటి జ్వరముతో దోర్నకల్‌లోనే కన్ను మూసిరి. సమాధి ఆ గుడి ప్రక్కనే యున్నది.

గుడి రేకులు వేసిన తరువాతి సంవత్సరము మేము మా సంఘ పెద్దలను కొందరిని రైలులో దోర్నకల్ తీసికొనిపోయితిమి. మా సంఘములో మాలలు కుడిప్రక్కను, మాదిగలు ఎడమప్రక్కను కూర్చుందురు. ఎవరును నియమించినది కాదు, ఎప్పటినుండియో అట్లే. పాస్టరుగా మేము దానిని చూచియు చాలా కాలము మాటలాడలేదు. సమాధియొద్ద నిలువబడినప్పుడు మా పెద్దలలో ఒకరు మెల్లగా మా చెవిలో, ఈ అయ్యగారు మనలో ఏ వాడవారని అడిగిరి. రెండు వాడలవారును కారని, దూరపు దక్షిణమున తాటిచెట్లెక్కు జనములో పుట్టినవారని, తమిళమువారని చెప్పితిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, అట్లయిన మన కొరకు ఇంత దూరము ఎందుకు వచ్చెనని మరల అడిగిరి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటకు మేము తొందరపడలేదు. మధ్యాహ్నము స్టేషను చెట్టు క్రింద మేము మోసికొని వచ్చిన సద్ది విప్పితిమి. ఆ పెద్ద తన డబ్బాలోని అన్నము, పచ్చడి మొదట ఎడమప్రక్కవారికి వడ్డించిరి. బండి రెండు గంటలు ఆలస్యముగా వచ్చెను.